దసరాకి పుట్టినవాడు

జ్ఞానప్రసూనాంబకు కోపం వస్తే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. ఆ సాయంత్రం సౌదీలో, అల్ ఖోబర్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లో ఒక్క గిన్నె కూడా మోగలేదు. ఇంజనీరుగారైన ఆమె భర్త రామప్రసాద్ అప్పుడే భయపడి ఉండాల్సింది.

కొడుకు పునీత్ విదేశీయులుండే ఒక కాంపౌండ్ క్లబ్బులో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్నాడు. సెప్టెంబరు ఒకటికి పదేళ్ళు నిండనివాళ్ళకు ఒక పోటీ, నిండినవాళ్ళకు ఇంకొకటి. పునీత్‌కు నిండలేదు. పాస్‌పోర్టు మాత్రం నిండాయంటోంది. "పెద్దవాళ్ళలో అయితే ఎత్తు బార్ మీద పూర్తిగా చుట్టు తిరగాలి. లేదంటే ఒక ఏడాది డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో ఉంచండి. పోటీలూ పతకాలూ ఉండవు, ఒంట్లో బలం వస్తుంది. వీడి మణికట్లు ఇంకా లేతవి" అన్నాడు ఈజిప్టు కోచ్.

ఆ పాస్‌పోర్టు చేత అబద్ధమాడించింది రామప్రసాదే. ఇరాక్ కువైట్ మీద పడ్డాక తల్లీకొడుకులను గుంటూరు పంపేశాడు. యుద్ధం వల్ల వాడి చదువు ఏడాది వెనకబడకూడదట! అందుకని ఫోన్లోనే ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించి, అక్టోబరులో పుట్టినవాడిని బడిలో జూన్‌లో పుట్టించాడు. తిరిగొచ్చేటప్పుడు అప్పటిదాకా తల్లి పాస్‌పోర్టులోనే ఉన్నవాడికి ఆ బడి సర్టిఫికెట్ మీదే సొంత పాస్‌పోర్టు తీయించారు. విజయదశమి నాడు, ఊరంతా జమ్మి పూజకు వెళితే, ఆస్పత్రిలో నొప్పులు పడిన మనిషిని ఒక్కరైనా అడిగారా? కన్నది ఆమె. తేదీ మాత్రం ఆయనగారి ఇష్టం!

"పెద్దవాళ్ళలోనే రాయిద్దాం. డెవలప్‌మెంటంటే మనవాడు పనికిరాలేదనుకుంటారు" అన్నాడు రామప్రసాద్. "మా ఆఫీసు ఫక్రుద్దీన్ గారబ్బాయి వెళ్ళట్లా?"

"ఆ అబ్బాయికి మీసం మొలుస్తోందండీ! పాస్‌పోర్టు సరిచేయించండి ముందు."

"అమ్మో, మనల్ని ఇక్కడ ఉండనిచ్చే ఇఖామాలోనూ అదే తేదీ. కదిలిస్తే కొంప మునుగుతుంది."

"మీ కాగితాలు కదలకూడదు, వాడి చెయ్యి విరిగినా ఫర్వాలేదు! అంతేనా?"

భోజనాల దగ్గర పునీత్ కుడిచేత్తో అన్నం కలపబోయి పళ్ళు బిగించాడు. మణికట్టు వాచింది. ఆమె వాడి కంచం తన దగ్గరికి లాక్కుని ముద్దలు కలిపి పెట్టసాగింది.

"పదేళ్ళొచ్చిన వాడికి ముద్దలేమిటి?" అన్నాడు తండ్రి.

"రాలేదు" అంది ఆమె, తల ఎత్తకుండా.

మర్నాడు క్లబ్బులో రామప్రసాద్ గొంతు సవరించుకునేలోపే, "డెవలప్‌మెంట్" అని కోచ్‌తో తనే చెప్పేసింది. కారెక్కేదాకా ఆయన ఉగ్గబట్టుకున్నాడు.

"బంగారంలాంటి ఏడాది పాడుచేశావు."

"పాడుచెయ్యలేదండీ. వాడి దగ్గర మీరు కాజేసిన ఏడాది అది. వాడిది వాడికి ఇప్పించాను."