వ్యానుకి కట్టిన అరుగు మెట్లు

మొన్న కార్తీకమాసంలో మా వీధి ఆడవాళ్లమంతా కలిసి శ్రీకూర్మం వెళ్దామని ఒక కొత్త వ్యాను మాట్లాడుకున్నాం. తెల్లగా మెరుస్తూ వచ్చి ఇంటి ముందు ఆగింది. తలుపు జరిగిందో లేదో దాని కింద నుంచి ఒక మెట్టు తనంతట తానే బయటికొచ్చి నిలబడింది. మావాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, డ్రైవరు ఆ మెట్టుని తానే కన్నట్టు మురిసిపోయాడు. నేను మాత్రం కాలు ఎత్తబోయి మళ్లీ దించేసుకున్నాను. అది నా కాలు లేచే దానికన్నా ఒక బెత్తెడు ఎత్తులో ఉంది. ఇంకాస్త దిగదా నాయనా అని అడిగితే, కంపెనీవాళ్లు అందరికీ అంతే ఎత్తు పెట్టారండీ అన్నాడు. చివరికి మా తోడికోడలు వెనక నుంచి ఒక తోపు తోస్తే లోపల పడ్డాను. పడి, సీటులో సర్దుకుని కూర్చున్నాక నాకు మా అత్త గుర్తుకొచ్చింది. గుర్తురావడం అంటే ఊరికే కాదు, దారి పొడుగునా ఆవిడ నా పక్కనే కూర్చుని నా అవస్థ చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

ఇరవై ఏళ్ల పైమాటే. అప్పుడు మేము బొబ్బిలి దగ్గర ఉండేవాళ్లం. మా ఆయన ఉన్న పొలంలో కొంత అమ్మి, పద్నాలుగు మంది పట్టే పెద్ద వ్యాను ఒకటి పాతది కొన్నాడు, పెళ్లిళ్లకీ తీర్థాలకీ తిప్పడానికి. నన్ను అడిగి కొన్నాడా అని మాత్రం అడగొద్దు. అంతకుముందు అది సముద్రం ఒడ్డున ఏ ఊర్లోనో చేపల గంపలు మోసిందిట. ఉప్పుగాలికి పక్క మెట్టు తుప్పు పట్టి ఎప్పుడో రాలిపోయింది. మెట్టు లేకపోతే ఏమయింది, ఇంజను చూడు అన్నాడు మా ఆయన. ఇంజను ఎక్కి కూర్చుంటామా మనం?

మా అత్త ఒళ్లు నిండుగా ఉండే మనిషి. మాటలో ఎంత చురుకో మోకాళ్లలో అంత నీరసం. వ్యాను కొన్న కొత్తలో ఆవిడని శ్రీకూర్మం తీసుకెళ్లాం. అల్లుళ్లిద్దరిలో ఒకరు పైనుంచి చేతులు పట్టి లాగి, ఇంకొకరు మొహం పక్కకి తిప్పుకుని కింద నుంచి తోసి, ఎలాగో ఎక్కించారు. అత్తని అల్లుడు తొయ్యడమంటే మన కాలం వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, ఆ అల్లుడు తర్వాత మూడు నెలలు మా గడప తొక్కలేదు. పొందూరు నుంచి బస్సులో వచ్చిన మా అత్త చెల్లెలు గుడి ముందు నిలబడి, ఆవిడని దింపడం చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు మా అత్తకి గుచ్చుకుంది. ఇంటికి రాగానే కొడుకుని పిలిచి, "నానేటి ధాన్యం బస్తానేటిరా, ఒకడు లాగీసి ఒకడు తోసీడానికి? నా కాళ్ల మీద నానెక్కిన్నాడే మళ్లీ నీ బండెక్కుతాను" అంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మాఘమాసానికి ఆ చెల్లెలి మనవరాలి పెళ్లి కుదిరింది. అత్త రాననేసింది. అన్నదే కాని, పొద్దున్నే నేను పాలు కాస్తుంటే, ఎవరూ చూడ్డం లేదనుకుని అరుగు దగ్గర గోడ పట్టుకుని ఒక్కో కాలూ ఎత్తి చూసుకుంటూ ఉండేది. నాకు జాలేసింది. ఎన్ని తిట్టుకున్నా, చెల్లెలి ఇంట్లో పెళ్లికి వెళ్లకపోతే ఆ మనిషి ప్రాణం ఉసూరుమంటుందని నాకు తెలుసు. మా ఆయనకి ఆ మాటే చెప్పాను. చెప్పాకే మాకు మెట్ల పిచ్చి పట్టింది.

విశాఖపట్నంలో పెద్ద షాపులో అడిగితే, ఆ మోడలు బళ్లు రావడమే మానేశాయి, ఇక మెట్టెక్కడిదన్నారు. విజయనగరంలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగి ఒక జీపు మెట్టు తెస్తే అది మా వ్యానుకి సగమైనా రాలేదు. తర్వాత పాత బస్సు మెట్టు తెచ్చాడు. దాన్ని ఎత్తడానికి ముగ్గురు మనుషులు కావలసివచ్చారు. అది వ్యానుకి ఎలాగూ పనికిరాలేదు కాని, నెల రోజులు మా పెరట్లో దాని మీద వడియాలు బాగా ఎండాయి. పీట వేస్తే సరిపోతుంది కదా అని నేనంటే, పీట మీద నిలబడితే నన్ను పెళ్లికూతురనుకుంటారని మా అత్త కొట్టిపారేసింది.

ఆఖరికి మా ఆయనకి వరసకి బావ అయ్యే వెల్డింగుషాపు ఆయన దగ్గరికి వెళ్లాం. మెట్టు ఎంత ఎత్తులో కావాలని ఆయన అడిగాడు. అదెవరికి తెలుసు? మా అత్త కాలు ఎంత లేస్తే అంత. ఆవిడని వెళ్లి కొలుస్తానంటే ఊరుకుంటుందా? ఇంటికొచ్చి మేము నసుగుతుంటే ఆవిడే చెప్పింది, రోజూ తాను ఎక్కి దిగే అరుగు మెట్లు కొలుచుకుపొమ్మని. మా అరుగు మెట్లు ఒక్కొక్కటి జానెడు ఎత్తు. మా ఆయన తాటాకు చీల్చి, మెట్టుకి ఆనించి, గోటితో గుర్తు పెట్టి పట్టుకెళ్లాడు. అలాంటి జానలు మూడయితే వ్యాను గడప వస్తుందిట, కాబట్టి కింద ఒక మెట్టు, దాని పైన ఒక మెట్టు, మూడో అడుగు లోపల. వెల్డింగు బావ కింద మెట్టు కొలత చూసి తల అడ్డంగా ఊపాడు. "మనుసులెక్కితే బండి కూకుంటాది బావా. నేలకి రాసుకుంటాది, సూసుకో" అన్నాడు. మా అమ్మే కదా ముందు ఎక్కేది, అప్పటికి బండి ఖాళీయే కదా అని మా ఆయన జవాబు. ఆ తెలివికి నేనూ తలూపాను చూడండి, అదీ నా తప్పు.

పెళ్లినాడు, జారకుండా గళ్లు పడ్డ రేకుతో చేసిన ఆ మెట్లకి పసుపు రాసి బొట్టు పెట్టాం. అత్త పొందూరు ఖద్దరు చీర కట్టుకుని, తలుపు పక్కన బిగించిన పిడి పట్టుకుని, ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టుకుంటూ ఎక్కి లోపల కూర్చుంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. కూర్చున్నాక కిటికీలోంచి వీధినంతా ఒకసారి కలియజూసింది. మా ఆయన కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

రాజాం దాటాక ఉలవల కాలం కదా, రోడ్డు మీద మోపులు మోపులు పరిచి ఉన్నాయి. బళ్లు తొక్కితే గింజ రాలుతుందని మన రైతులు చేసే పనే, ఎన్నిసార్లు వాటి మీద నుంచి వెళ్లలేదు? కాని ఆ రోజు పద్నాలుగు మందిమి ఎక్కేసరికి బండి కూర్చుంది, మెట్టు నేలకి అంటుకుంది, ఉలవ తీగలన్నీ దానికి చిక్కుకుని, పరిచిన పంట పరిచినట్టే చాపలా లేచి మా వెంట వచ్చేసింది. వెనకెవరో అరుస్తున్నారని ఎంతో దూరం వెళ్లాక కాని తెలియలేదు. చేటతో పరిగెత్తుకొచ్చిన ఒక ఆడమనిషి, ఆయాసం తీర్చుకుని, నిమ్మళంగా అడిగింది. "మెట్లు మీవి, ఉలవలు నావి. రెండూ కలిసి ఎటెల్తన్నాయి?"

ముహూర్తం దగ్గరపడుతోంది, ఏదో చెప్పి వెళ్లిపోదామన్నారు మావాళ్లు. మా అత్త ఒప్పుకోలేదు. "రైతు పంట ఈడ్సుకుని పెళ్లికెల్తామేటి? దిగండర్రా" అని అందరికన్నా ముందు తనే దిగింది. పట్టుచీరల్లో మేము తీగలు విడదీసి మళ్లీ రోడ్డు మీద పరిచాం. అంతా సర్దాక, గింజ రాలేదాకా దాని మీద బండి నడపమని కొడుక్కి పురమాయించింది. ఖాళీ బండి కాబట్టి మెట్టు అడ్డుపడలేదు. మా ఆయన ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిపాడో నేను లెక్కపెట్టలేదు. సరిగ్గా తొక్కుతున్నాడో లేదో చూడాలని అత్త మాటిమాటికీ ఎక్కి కూర్చుని, మళ్లీ దిగి, గింజ నలిపి చూసేది. బండెక్కడానికి నెలల తరబడి బెంగపెట్టుకున్న మనిషి ఆ గంటలో అయిదుసార్లు ఎక్కి దిగింది. ఆ రైతమ్మ సంతోషించి, మా అత్త ఒడిలో రెండు దోసిళ్ల ఉలవలు పోసి పంపింది. అక్కడి నుంచి మెట్టు నేలకి తగలకుండా, బండి నడిపే మా ఆయన తప్ప మగవాళ్లందరూ బస్సెక్కి వచ్చారు.

మేము వెళ్లేసరికి తాళి కట్టడం అయిపోయి జనం భోజనాల బంతుల్లో ఉన్నారు. అత్త రెండు మెట్లూ దిగి నిలబడి చెల్లెలి కోసం చూసింది. ఆ దిగడం ఆవిడ చూడాలనే కదా ఇంత గొడవా. చెల్లెలు ఎదురు రాలేదు. పందిట్లో కుర్చీలో కూర్చుని, అక్కడి నుంచే చెయ్యి ఊపింది. అత్త మొహం ముడుచుకుపోయింది. ఉలవలు ఆవిడ ఒళ్లో పోసి, పలకరింపు కూడా పొడిగానే పలకరించింది. తర్వాత వంటింట్లో ఆ చెల్లెలి కోడలు నాతో మెల్లగా చెప్పింది, ఆరు నెలలుగా ఆవిడ కాళ్లు బొత్తిగా రావడం లేదుట, నవ్వినందుకు నాకే వచ్చిందని అక్కకి తెలియనివ్వొద్దందిట. నేను దాచలేకపోయాను, వెంటనే అత్తకి చెప్పేశాను.

మేము బయల్దేరుతుంటే అత్తే వెళ్లి చెల్లెల్ని కుర్చీలోంచి లేపి, నడిపించుకుంటూ వ్యాను దగ్గరికి తెచ్చింది. చెల్లెలు పిడి పట్టుకుని, భయపడుతూ, కింద మెట్టు మీద ఒక కాలు పెట్టింది. తర్వాత రెండోది. మా వైపు అక్కని అప్ప అంటాం. "అప్పా, నా కాలు కూడా లెగుస్తన్నాదే" అంది, చిన్నపిల్లలా. అలా ఎక్కిన మనిషి ఇక దిగలేదు. మా ఇంటికి వచ్చి నలభై రోజులుంది. చెల్లెలు కొంగున కట్టుకొచ్చిన ఆ ఉలవలతోనే నాచేత చారు కాయించుకుని, నేను కాచింది బాలేదని ఇద్దరూ ఏకమై నన్ను ఆడిపోసుకున్నారు.

ఆ తర్వాత మా ఆయన రోడ్డు మీద పంట కనిపిస్తే ఆపి, జనాన్ని దింపి, దాటించి, మళ్లీ ఎక్కించుకునేవాడు. బేరాలు తగ్గాయి, ఐనా వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ మెట్లు పైకి జరపలేదు. బండి అమ్మేసినప్పుడు వాటిని కోయించి ఇంటికి తెచ్చుకున్నాడు. వెల్డింగు బావ పోయాడు, అక్కాచెల్లెళ్లిద్దరూ పోయారు, మా ఆయనా పోయి నాలుగేళ్లు. ఆ ఇనుప మెట్లు మాత్రం మా పెరటి గుమ్మానికి వేసి ఉన్నాయి. మొన్న శ్రీకూర్మం నుంచి వచ్చిన రోజు వాటి మీద కాలు పెట్టి చూశాను. ఇన్నేళ్లూ మరీ పొట్టిగా ఉన్నాయని విసుక్కునేదాన్ని, ఇప్పుడు నా కాలికి కొలిచినట్టు సరిపోయాయి. ఈ రోజుల్లో మెట్లు పిలవకుండానే ముందుకొస్తున్నాయి, సంతోషమే. నీ కాలు ఎంత లేస్తుందమ్మా అని తాటాకు పట్టుకుని అడిగే మనిషే ఎక్కడా కనిపించడం లేదు.