రెండు సీట్ల బండి

గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫాలో ఇంటి డ్రైవరుగా పనిచేసే తిరుపాలు ఏ బండినీ ఊరికే మెచ్చుకోడు. అందుకే యజమాని పాత స్పోర్ట్స్ కారు కొనబోతూ అతణ్ణి వెంట తీసుకెళ్ళాడు. ఆయన మనసుపడ్డ ఎర్రకారుకు రెండే సీట్లు. స్టీరింగు దగ్గర ఆయన, పక్కన భార్య కూర్చుంటే ఇక డ్రైవరెందుకు? ఎలాగైనా ఈ బేరం చెడగొట్టాలనుకున్నాడు తిరుపాలు. సంతలో ఎద్దును చూసినట్టు కారు చుట్టూ తిరిగాడు. డోరు తట్టి, సొట్టలు కనపడకుండా లోపలంతా పుట్టీ పూశారన్నాడు. మ్యాటు ఎత్తి, ఉప్పుగాలికి అడుగు తుప్పు పట్టిందన్నాడు.

"ఏం తిరుపాలన్నా, బండి చూసేదానికొచ్చినావా, శవాన్ని కోసేదానికొచ్చినావా?" అన్నాడు బ్రోకరు రఫీ. అతనిదీ కడప జిల్లానే.

"ఉండే మాట చెప్తాండా. ఇది కొనే బండి గాదబ్బా, పాతసామాన్లకు ఏసేది."

తిరుపాలు వంక పెట్టినప్పుడల్లా రఫీ చెప్పిన ధర దిగింది, యజమాని ముఖం వెలిగింది. ఇంజను చూసి తిరుపాలు పెదవి విరిచేసరికి బేరం కుదిరిపోయింది.

"షాబాష్ తిరుపాల్!" అని భుజం తట్టి, యజమాని ఎర్రకారెక్కి దూసుకుపోయాడు.

"నీ నోట్లో మన్ను పడ! నాకు కమీషన్ పాయ, నీకు డ్యూటీ పాయ," అన్నాడు రఫీ.

యజమానిని తీసుకొచ్చిన పెద్దకారును తిరుపాలు, ఖాళీ వెనకసీట్లో ఎవరో కూర్చున్నట్టే, కుదుపు లేకుండా ఇంటికి నడిపాడు.