ఒకటి, ఆరు, పదకొండు

మా కాలేజీ నెట్‌వర్కు మాస్టారు పోయారు. కబురు వచ్చేసరికి నేను అబ్బాయిల హాస్టల్ డాబా మీద యాంటెన్నాకి మర బిగిస్తున్నాను. ఫోనులో వాళ్ళ తమ్ముడు. "అన్నయ్య పొద్దున్నే పోయేరండీ. నిద్దర్లోనే అండీ," అన్నారు. సగంలో ఉన్న మర పూర్తిగా బిగించి, అప్పుడు దిగాను. పని సగంలో వదిలి దిగితే ఆయనే తిట్టేవారు.

నేను పదో తరగతి దాటలేదు. ఎక్కడా కాలు నిలిచేది కాదు. కొన్నాళ్ళు చెట్లెక్కి కొబ్బరికాయల దింపుకి వెళ్ళాను, కొన్నాళ్ళు అంబాజీపేటలో లారీలకి కాయ ఎత్తాను, ఆ తర్వాత అమలాపురంలో కేబుల్ టీవీ వైర్లు లాగాను. ఒకరోజు కాలేజీ గోడ పక్క చెట్టుకి వైరు బిగించి కడుతుంటే, గొడుగు వేసుకున్న ఒకాయన కింద ఆగారు. ఎండా లేదు, వానా లేదు. ఆయనే మాస్టారు.

"అబ్బాయ్, చెట్టు ఊగుద్ది. నీ వైరు ఊగుద్దా?"

"ఊగదండీ."

"మరి గాలొస్తే ఏది తెగుద్ది?"

నేను వైరుకి కాస్త వదులిచ్చి కట్టాను. "దిగి రా, మా కాలేజీలో నీకు పనుంది," అన్నారు. అన్ని పనులూ మానేసిన నేను ఆ పని మాత్రం మానలేదు. దేన్నైనా బిగించి కడితే తెగుతుందని తెలిసిన మనిషి దగ్గర నాకు పారిపోవాలనిపించలేదు.

కాలేజీకీ హాస్టల్‌కీ మధ్య కొబ్బరితోట ఉంది. నెట్టు ఆ తోట మీదుగా గాల్లో రావాలి. వాన పడితే తడిసిన మట్టలు సిగ్నల్‌ని మింగేసేవి. దింపు తీసి ఎండు మట్టలు కొట్టేసిన వారం మాత్రం నెట్టు పరుగెత్తేది. "ఆ తోట రైతే మనకి చీఫ్ ఇంజినీరు," అని మాస్టారు నవ్వేవారు. ఆ వచ్చే నెట్టు కూడా గదికి ఒక్క వైరే, ఫోన్లకి అందదు. పిల్లలు ఊరుకుంటారా? రాజమండ్రి వెళ్ళి చిన్న చిన్న వైర్‌లెస్ పెట్టెలు కొనుక్కొచ్చి, గోడలో ఉన్న కాలేజీ వైరుకి తగిలించి, అటకల మీదా మంచాల కిందా దాచుకునేవారు.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద కంపెనీ మా కాలేజీకి వస్తానంది. కోనసీమ కాలేజీల పిల్లలందరికీ కలిపి, ఆన్‌లైన్‌లో ఉద్యోగాల పరీక్ష. ఒక్కసారి నెట్టు ఆగిపోతే మళ్ళీ ఈ వైపు రామని ముందే చెప్పేశారు. ల్యాబు చాలదు కాబట్టి మూడు హాళ్ళలో ల్యాప్‌టాప్‌లు పెట్టి వైర్‌లెస్ ఇవ్వాలి. దొంగ పెట్టెతో దొరికినవాడిని పరీక్ష రాయనివ్వనని ప్రిన్సిపాల్ గారు నోటీసు అంటించారు.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం ల్యాబులో సగం కంప్యూటర్లకి నెట్టు రాలేదు.

మాస్టారు తెర చూసి, "ఎవరో ఇంకో పంక్తి వేశారు," అన్నారు. నెట్‌లోకి వచ్చే ప్రతి కంప్యూటరూ ముందు ఒక నంబరు అడుగుతుంది. అది పంచాల్సింది కాలేజీ సర్వరు ఒక్కటే. హాస్టల్లో ఎవరి పెట్టో తానూ పంచడం మొదలుపెట్టింది. పెళ్ళిభోజనాల దగ్గర ఇద్దరు పెత్తందార్లు నిలబడి, ఒకరు ఇటు రమ్మని, ఒకరు అటు పొమ్మని అన్నట్టయింది. సగంమంది విస్తరి లేనిచోట కూర్చున్నారు.

నేను హాస్టల్లో వైర్లన్నీ కలిసేచోట నిలబడి ఒక్కోటీ పీకి మళ్ళీ పెడుతున్నాను. ఆయన ల్యాబు నుంచి ఫోనులో, "ఇంకా ఉంది... ఇంకా ఉంది..." అంటున్నారు. ఒక వైరు పీకగానే, "అదే! అదే అబ్బాయ్!" అని అరిచారు. ఆ అరుపు నాకింకా చెవిలో ఉంది. ఆ వైరు పై అంతస్తుది. ఆయన వచ్చి, ల్యాప్‌టాప్‌ని రెండు చేతులా వడ్డన పళ్ళెంలా పట్టుకుని, సిగ్నల్ గీతలు చూస్తూ వరండాలో నడిచారు. ఒక గది ముందు ఆగారు. తలుపు తీసింది ఒక రాజోలు కుర్రాడు. అటక మీద స్టీలు డబ్బా, మూత ఓరగా ఉంది, సందులోంచి వైరు.

"అందులో కారప్పూసండీ. మా అమ్మ పంపింది."

"కారప్పూసకి కరెంటు వైరెందుకండీ ఇంజినీరు గారూ?"

కుర్రాడి మొహంలో నెత్తురు లేదు. "ప్రిన్సిపాల్ గారికి చెప్పకండి సార్. రేపు పరీక్ష రాయాలండీ."

మాస్టారు డబ్బా దింపి, పెట్టె బయటికి తీశారు. "స్టీలు డబ్బాలో పెడితే సిగ్నల్ పక్కగదికైనా వెళ్తదా?" అంటూ వైరుని ఒక కంతలోంచి తీసి ఇంకో కంతలో పెట్టారు. ఇక ఆ పెట్టె కాలేజీకి నంబర్లు పంచదు. అంతే. ల్యాబు బాగుపడింది. "రేపు పొద్దున్నే ఈ పెట్టె పట్టుకుని రండి. మీ స్నేహితుల్నీ వాళ్ళ పెట్టెలతో రమ్మనండి."

"లాగేసుకుంటారా సార్?"

"పని చేయిస్తానండి."

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు మండిపడ్డారు. "దొంగ సరుకుతో పరీక్ష పెడతారా మాస్టారూ?"

"దొంగలు కాదండీ. దాహమేసి కాలువ గట్టుకి గండి కొట్టుకున్నారు. తూము మనం పెడితే గండెందుకు కొడతారండీ?"

"రేపు ఆగిపోతే?"

"నేను ఇంటికెళ్ళిపోతానండీ. పిల్లల్ని మాత్రం పరీక్షకి కూర్చోనివ్వండి."

గాల్లో నెట్టుకి ఛానెళ్ళనే దారులు చాలా ఉన్నా, ఒకదాన్నొకటి తొక్కకుండా పోయేవి మూడే: ఒకటి, ఆరు, పదకొండు. పిల్లల పెట్టెలన్నీ కొన్నప్పటి నుంచీ ఆరులోనే పడి కొట్టుకుంటున్నాయి. మాస్టారు వాటిని పంటకాలువ నీళ్ళకి వంతులేసినట్టు విడదీశారు. హాలుకి మూడు పెట్టెలు, ఒక్కోటీ ఒక్కో దారిలో. వైర్లు నేను లాగాను, వదులిచ్చి. రాజోలు కుర్రాడి పెట్టె మొదటి హాల్లో, అతను దాని కిందే పరీక్షకి కూర్చున్నాడు.

నెట్టు ఆగలేదు. మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా ఒక్క తెర కూడా తెల్లబోలేదు. "పట్నంలో కూడా ఇంత సాఫీగా జరగదండీ. మళ్ళీ వచ్చే ఏడాదీ ఇక్కడికే వస్తాం," అని కంపెనీవాళ్ళు అనగానే హాలంతా ఈలలు. పిల్లలు మాస్టారిని గొడుగుతో సహా పైకెత్తేశారు. "నన్ను కాదండీ, ఆ పెట్టెలు జాగర్తండీ!" అని ఆయన పైనుంచి కేకలు. ప్రిన్సిపాల్ గారు నోటీసు తనే చింపేశారు.

ఉద్యోగం వచ్చాక రాజోలు కుర్రాడు అదే డబ్బా తెచ్చి, "ఈసారి నిజంగా కారప్పూసేనండి," అన్నాడు. మాస్టారు మూత తీసి, లోపల చెయ్యి పెట్టి వెతికి, "ఆయ్, వైరు లేదు," అని అప్పుడు తిన్నారు.

ఆ తర్వాత హాస్టల్లో ఏ పెట్టే దాక్కోలేదు. మాస్టారి షరతు ఒక్కటే: "పెట్టెకి పేరు పెట్టుకోండి, మీ వంతులో మీరుండండి." పిల్లలు గది నంబర్లూ, ఊళ్ళ పేర్లూ పెట్టుకున్నారు.

ఆయన్ని సాగనంపి వచ్చిన మర్నాడు మళ్ళీ డాబా ఎక్కాను. వానపడి తోట తడిసి ఉంది. సిగ్నల్ చూద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. పిల్లల పెట్టెల పేర్లలో గది నంబర్లు లేవు, ఊళ్ళ పేర్లు లేవు. తెర పైనుంచి కిందిదాకా ఒకటే పేరు: మాస్టారు ఒకటి, మాస్టారు ఆరు, మాస్టారు పదకొండు, మళ్ళీ మాస్టారు ఒకటి... మట్టల మీంచి నీళ్ళు కారుతున్నాయి. గీతలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.