నా పేషెంటు, ఆమె కేసు

గద్వాలలో ఆమె, వనపర్తిలో నేను. ఒకే కంటి దవాఖాన నడిపే చిన్న సెంటర్లలో చూపు పరీక్ష చేసేవాళ్లం. అద్దాల నంబరు చూడటం, కంట్లో తేడా కనబడితే డాక్టరు దగ్గరికి పంపడం మా పని. ఆప్టోమెట్రిస్టులమని చెబితే మా వైపు ఎవరికీ పట్టదు. అద్దాల సారు, అద్దాల మేడం, అంతే. డిగ్రీలో నేను ఆమెకు సీనియర్‌ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా కడుపుమంట మొదలైంది అక్కడే.

ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో పీజీ చదవొచ్చని తెలిసి ఇద్దరం చేరాం. ప్రతి ఆదివారం ఆన్‌లైన్ క్లాసు. ఆమె ఇష్టం కొద్దీ చేరింది, నేను అవసరం కొద్దీ చేరాను. మా దవాఖానవాళ్లు నాగర్‌కర్నూలులో పిల్లల కంటి సెంటరు తెరవబోతున్నారు. మా ఇద్దరిలో పీజీ ఎవరు బాగా చేస్తే వాళ్లను అక్కడ ఇన్‌చార్జిగా వేస్తామన్నారు. నా ఇల్లు నాగర్‌కర్నూలులోనే. నా భార్య అక్కడి బడిలో టీచరు. పొద్దున నేను వనపర్తి బస్సెక్కేసరికి మా పాప ఇంకా దుప్పట్లోనే ఉంటుంది. తిరిగొచ్చేసరికి దాని కబుర్లన్నీ వాళ్లమ్మకు చెప్పేసి ఉంటుంది, నాకేమీ మిగలదు. ఆ కుర్చీ నాకు కావాలి. ఆమెకు దాంతో ఏం పని? ఇల్లు గద్వాలలోనే, సెంటరు గద్వాలలోనే, నడిచి వెళ్లి నడిచి వస్తుంది.

మార్కులు మాత్రం ఆమెకే వచ్చేవి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, నాకు ఆమె పేషెంట్లు కూడా నా పేషెంట్ల కంటే మేలనిపించేవారు. గద్వాలకు రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. ఆమె ఒకరితో ఉర్దూలో, ఒకరితో తెలుగులో, ఇంకొకరితో వచ్చీరాని కన్నడంలో మాట్లాడుతుంది. అన్ని రకాల మనుషులు వస్తారు కాబట్టే ఆమెకు మంచి కేసులు దొరుకుతున్నాయని నా భార్యతో అన్నాను.

"నీ తాన్కి వచ్చేటోళ్లకు కండ్లు లెవ్వా?" అంది.

ఆ పూట నేను అన్నం తక్కువ తిన్నాను.

మా కోర్సులో ఒక పద్ధతి ఉంది. వంతులవారీగా ఒక్కొక్కరం మా దగ్గరికొచ్చిన పేషెంటు గురించి వీడియోతో సహా క్లాసుకు చెప్పాలి. ఆ ఆదివారం ఆమె వంతు. ముఖం కనబడకుండా తీసిన వీడియోలో ఒక పెద్దమనిషి మాట్లాడుతున్నాడు.

"పేపరు మంచిగనే కనిపిస్తది మేడం. మగ్గం కాడ కూసుంటెనే పోగు కనిపిస్తలేదు. వంగి వంగి మెడ గుంజుతుంది."

ఆ గొంతు నేనెరుగుదును. అమరచింత నేతగాడు. నా పేషెంటు. ఆయన పెట్టుకున్న అద్దాలు నేను రాసినవే. చిన్న అక్షరాల కార్డు చేతికిచ్చి, పుస్తకం పట్టుకునే దూరంలో చదివించి, నంబరు రాసి పంపాను. మేమందరం నేర్చుకున్నది అదే, చేసేది అదే. గద్వాలలో చెల్లెలింటికి పోయిన మనిషి, నా దగ్గరికి మళ్లీ రాకుండా ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టలేదు. సెంటరు బయట అరుగు అంచున, మగ్గం గుంటలోకి కాళ్లు వదిలినట్టు కూర్చోబెట్టింది. చేతికి దారమిచ్చింది.

"మగ్గం మీద ఎట్ల పడ్తవో గట్లనే పట్టు కాకా."

కంటి దగ్గర నుంచి దారం దాకా టేపు పెట్టి కొలిచింది. పుస్తకం దూరం కంటే బాగా ఎక్కువే వచ్చింది. దగ్గరచూపు నంబరు ఆ మేరకు తగ్గించి రాసింది. మిషను లేదు, మందు లేదు. కొత్త అద్దాలతో ఆ మనిషి మెడ నిటారుగా పెట్టుకుని పోగు అతుకుతున్నాడు.

"ముందుగాల వేరే దగ్గర చూపించుకున్నరు సార్. ఆ నంబరు తప్పేం కాదు. చదువుకునేటోళ్లకైతే సరిగ్గ సరిపోతది" అంది ఆమె.

నన్ను వెనకేసుకొచ్చింది. నాలుగు తిట్టినా అంత మండేది కాదు. పాఠం చెప్పే సారు "కేసంటే ఇదీ" అన్నారు. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టి కెమెరా ఆపేశాను. ఇతరుల కళ్లు బాగుచేసే మనిషిని, ఆ రోజంతా ఆమెను తలుచుకుని నా కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

ఇక ఆమెను మించిన కేసు పట్టాలి. అడవిలో మన్ననూర్ వైపు కంటి క్యాంపు పెడితే నేనే పోతానని ముందుకొచ్చాను. దొరికింది కూడా. కంటిపాప గుండ్రంగా కాక, తాళంచెవి దూరే రంధ్రంలా ఉన్న ఒక మనిషి. పుట్టుకతో వచ్చేది, పుస్తకంలో తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఫొటోలు తీశాను. నా వంతు వచ్చినప్పుడు ఎక్కడా తడబడకుండా చెప్పాను.

సారు అంతా విన్నారు. "జబ్బు గురించి బాగా చెప్పారు. ఇప్పుడు మనిషి గురించి చెప్పండి. ఏం పని చేస్తాడు? అంత వెలుగు కంట్లో పడుతుంటే ఎండలో ఎలా తిరుగుతున్నాడు? మీరు ఏమిచ్చి పంపారు?"

నేను అడగలేదు. ఫొటోలు బాగా వచ్చాయన్న సంతోషంలో ఆయన్ని పంపించేశాను. స్క్రీన్ మీద ఆమె తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. నావైపు చూడకూడదనే అలా చేసిందని నాకు తెలుసు. అది కూడా నాకు నచ్చలేదు.

పీజీ ఫలితాలొచ్చిన కొన్నాళ్లకు, సాయంత్రం వనపర్తి బస్టాండులో ఉండగా ఆమె ఫోను.

"భయ్యా, నాగర్‌కర్నూల్ సెంటర్ నన్ను చూసుకోమన్నరు. నాకొద్దని చెప్పిన."

"ఎందుకు?"

"నాకు గీడ మంచిగుంది. నువ్వు రోజు బస్సుల పరేషాన్ అయితున్నవ్, నీ పేరు చెప్పిన. సరే అన్నరు."

థాంక్స్ చెప్పాను. బస్సు వచ్చిందని పెట్టేశాను. బస్సు రాలేదు.

ఇప్పుడు నాగర్‌కర్నూలులోనే పని చేస్తున్నాను. మా పాప బడి నుంచి నేరుగా నా సెంటరుకే వచ్చి కబుర్లన్నీ నాకే ముందు చెబుతోంది. నా భార్య గద్వాల మేడాన్ని కుటుంబంతో సహా భోజనానికి పిలవమంటోంది. పిలుస్తాను, పిలవక తప్పదు. ఆ కుర్చీ ఆమే తీసుకుని ఉంటే బతికినన్నాళ్లూ హాయిగా తిట్టుకునేవాణ్ని. ఆ సుఖం కూడా నాకు మిగల్చలేదు.