నా తల మీద వేసిన ఒట్లు

చావు తప్పించుకున్న కొడుకు గురించి చెబుతూ ఒక తల్లి నా ఎదుట గుండెలు బాదుకుంటుంటే నాకు ఆవులింత వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆమె చూసి ఏడుపు ఆపేసింది. నాకేదో తేడా చేసిందని ఆ రోజే అర్థమైంది.

అప్పట్లో నేను వినుకొండ వైపు ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన కౌన్సెలర్‌ని. మిర్చి ధర పడిపోయో, పత్తి దెబ్బతినో పురుగుల మందు తాగి బతికినవాళ్లను నా గదికి పంపేవారు. నేను నోరు తెరిచేలోపే ఇంట్లోవాళ్లు "ఇంకోసారి తాగనని మేడమ్ మీద ఒట్టెయ్యి" అంటూ వాళ్ల చెయ్యి లాక్కొచ్చి నా తల మీద పెట్టించేవారు. ఇది వద్దని చెబితే మా పెద్ద డాక్టరు గారు నవ్వారు. "మీ థెరపీ కన్నా అదే బాగా పనిచేస్తోందమ్మా, కానివ్వండి."

కానిచ్చాను. ఎవరు మాట తప్పుతారోనన్న భయంతో నిద్ర పట్టేది కాదు. గుండె దడ, తలనొప్పి, అన్నం సయించేది కాదు. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ నార్మల్. చివరికి గుంటూరులో సైకియాట్రిస్ట్ గారు, "బర్నౌట్, పని భారానికి మనసు అలిసిపోయింది. డిప్రెషన్ కూడా మొదలైంది. పని ఆపేయండి" అన్నారు.

"నేనే కౌన్సెలర్‌నండీ."

"అందుకే ఇంత ఆలస్యంగా వచ్చారు."

సెలవు పెట్టి కొన్ని నెలలు మాత్రలు వాడాక నిద్ర పట్టింది. మళ్లీ డ్యూటీలో చేరాను. ఆ వారమే కోటేశ్వరమ్మ వచ్చింది. ఆమె భర్త కౌలు రైతు, నా మీద ఒట్టేసి వెళ్లినవాడే. నేను సెలవులో ఉండగా మళ్లీ తాగాడట, ఈసారి దక్కలేదు. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. వంగి నా కాళ్లు పట్టుకుంది.

"ఆయన ఒట్టు తప్పబట్టే మీరు మంచాన పడ్డారంట గదమ్మా. చచ్చినోడి మీద కోపం పెట్టుకోమాకండి. పిల్లలు గలదాన్ని."

నేను అంతకు ముందే జబ్బు పడ్డానని, మీ ఆయన వల్ల కాదని చెప్పాలి. నా నోట్లోంచి "సరేలే" అని వచ్చింది. మొగుడు పోయిన మనిషిని క్షమించి పంపాను, లోపల ఏమీ అనిపించకుండానే. ఆ సాయంత్రమే సైకియాట్రిస్ట్ గారికి ఫోన్ చేశాను. మాత్రల డోసు పెంచారు. ఆ ఉద్యోగం వదిలేశాను.

కాస్త తేరుకున్నాక కోటేశ్వరమ్మ ఊరు వెళ్లాను. నా జబ్బుకీ మీ ఆయనకీ సంబంధం లేదని రెండు మూడు సార్లు చెప్పాను. "మీది మంచి మనసమ్మా, అట్టాగే అంటారు" అని, పిల్లలిద్దర్నీ పిలిచి నా కాళ్లకు దణ్ణం పెట్టించింది.

ఇప్పుడు ఒంగోలులో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను. మాత్రలు ఆపలేదు, నేనూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఒట్టేయడానికి లేచిన చెయ్యిని పట్టుకుని కిందికి దించేయండి. వాళ్లు నొచ్చుకున్నా సరే, పెద్ద డాక్టరు నవ్వినా సరే.