కుక్కలు ఒప్పుకున్నంత దగ్గరగా

ఆ కుక్కను నేను పెనుకొండ బస్టాండులో ఎత్తుకున్నాను. నిజంగానే రెండు చేతులా ఎత్తుకుని, చున్నీలో చుట్టి, హిందూపురం బస్సెక్కాను. అప్పట్లో పెనుకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం. రోజూ హిందూపురం నుంచి వెళ్లి వచ్చేదాన్ని. ఆ సాయంత్రం టిఫిన్ బండి వెనక కాలువలో బస్టాండు కుక్కలన్నీ కలిసి దీన్ని మూలకు తోసి పీకుతున్నాయి. ఎర్రటి ఆడకుక్క, ఒక చెవి చిరిగి వేలాడుతోంది. బండివాడు నీళ్లు చల్లితే మిగతావి పారిపోయాయి. ఇది మాత్రం కదల్లేదు.

బస్సు కదిలాక కండక్టరు వచ్చాడు.

"ఏందమ్మా అది చున్నీలో?"

"బిడ్డన్నా."

సరిగ్గా అప్పుడే చున్నీలోంచి తోక బయటికి జారింది. ఆయన తోక వంక చూశాడు, నా వంక చూశాడు.

"నిద్రపోతాండాదా?"

"పోతాండాదన్నా."

"లేపాకు మల్ల," అని ముందుకు వెళ్లిపోయాడు.

ఇంట్లో అమ్మ, నాయన, నేను. బజారులో మా నాయనకు కిరాణా అంగడి. పెళ్లి సంబంధాలు వచ్చి పోయి, వచ్చి పోయి, చివరికి రావడమే మానేసిన వయసు నాది. నాకు దిగులేమీ లేకపోగా, ఆదివారాలు హాయిగా నిద్రపోవచ్చని సంతోషంగా ఉండేది. ఆ నిద్ర కాస్తా ఎర్రది వచ్చాక పోయింది.

ఇంట్లో అది మంచం కిందే కాపురం పెట్టింది. అమ్మ పెరుగన్నం ముద్దలు నేలమీద దొర్లిస్తూ దొర్లిస్తూ దాన్ని బయటికి రప్పించింది. చెవి మానింది, మాతో కలిసిపోయింది. వీధిలోకి తీసుకెళితే మాత్రం వేరే కథ. ఏ మూల కుక్క కనపడినా చాలు, మా ఎర్రది గాలివాన అయిపోయేది. మొరిగి, ఎగిరి, గిరగిరా తిరిగి, తాడు నా కాళ్లకు చుట్టి నన్ను పడేసేది. "రెండు తగిలించమ్మా, అదే వింటాది," అని వీధంతా సలహా ఇచ్చింది. నాకు చేతులు రాలేదు. పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ దాన్ని బల్లమీద పెట్టకుండా తానే నేలమీద కూర్చుని చూసింది.

"ఇది కోపం కాదు, భయం. ఇంకో కుక్క కనపడగానే, ఇది మొరగకముందే, ఇష్టమైనది నోట్లో పెట్టు. కుక్క వస్తే మంచి జరుగుతాదని దానికి తెలియల్ల. కొట్టాకు, తిట్టాకు, లాగాకు. ఎంత దూరంలో నిమ్మళంగా తింటాదో అంత దూరంలోనే నిలబడు."

"కదలకుండా నిలబడే కుక్క నాకు యాడ దొరుకుతాది మేడం?"

ఆమె నవ్వింది. "ఉండాది. ధర్మవరం ఆయనొకాయన ఈడ కంపెనీలో పనిచేస్తాడు. స్టేషను పట్టాల పక్కన దొరికిన నల్లకుక్కను సాకుతాండాడు. దానికీ ఇదే బాధ. ఇద్దరూ ఆదివారం పొద్దున కాలేజీ మైదానానికి పొండి. ఒకరి దగ్గరికి ఒకరు మాత్రం పోవద్దండి."

మొదటి ఆదివారం నేను ఒక గోలుపోస్టు దగ్గర, ఆయన ఆ చివరి గోలుపోస్టు దగ్గర. నాకు కనపడింది ఒక నీలం చుక్క, దాని పక్కన ఒక నల్ల చుక్క. నీలం చుక్క చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. మా ఎర్రది నల్ల చుక్కను చూసి బిగుసుకుపోయింది. ఉడికించిన వేరుశనగలు నోటి ముందు పెట్టాను. వాసన కూడా చూడకుండా మొరగడం మొదలుపెట్టింది.

"ఏం పెడతాండారండీ?" అని ఆ చివరి నుంచి కేక.

"చెనక్కాయలు!"

"చెనక్కాయలకు లొంగదండీ! కోడి లివరు పెట్టండి! నా దగ్గర ఉండాది, పంపిస్తా!"

మైదానం చుట్టూ వాకింగు చేసేవాళ్లలో మంకీ క్యాపు పెట్టుకున్న పెద్దాయన ఒకరు ఉండేవారు. నీలం చుక్క పొట్లం ఆయన చేతిలో పెట్టి పంపింది. పెద్దాయన తన చుట్టు తాను తిరుగుతూ నా దగ్గరికొచ్చి పొట్లం చాపారు.

"ఏమ్మా, అంగడి శెట్టిగారి బిడ్డవు కదా. ఇది పట్టుకుంటావా?"

మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. ముక్కు పక్కకు తిప్పుకుని పొట్లం విప్పాను. మా ఎర్రది మొరుగుడు సగంలో ఆపేసింది. ఒక ముక్క పెట్టాను. నల్లదాన్ని చూసింది, నన్ను చూసింది. మళ్లీ ముక్క. ఇంకాసేపటికి నల్లదాన్ని చూడడం, గిరుక్కున నావైపు తిరగడం, "చూశాను కదా, ఏదీ?" అన్నట్టు నోరు తెరవడం! నేను మైదానంలో గంతులేశాను. ఆ చివర నీలం చుక్క కూడా గంతులేసింది.

నేను ఇల్లు చేరేలోపే వార్త ఇల్లు చేరింది.

"లివరంట," అన్నాడు నాయన, పేపరు దించకుండా.

"కుక్కకే కదా?" అంది అమ్మ ఆశగా.

"కుక్కకే."

"ఇచ్చినోడు ఎవరు?"

"తెలీదు నాయనా. మొగం కనపడలేదు."

అది పచ్చి నిజం. ఆయన నాకు కొంచెం కొంచెంగా తెలిశాడు. కుక్కలు నిమ్మళంగా ఉన్నకొద్దీ ఒక్కో అడుగు దగ్గరికి జరిగేవాళ్లం. ముందు ఆ నీలం కంపెనీ చొక్కాదని తెలిసింది. తర్వాత తల వెనక్కి వాల్చి నవ్వుతాడని, ఆ తర్వాత మీసం ఉందని తెలిసింది. కళ్లద్దాలు పెట్టుకుంటాడని తెలిసేసరికి చలికాలం వచ్చేసింది.

మాటలన్నీ కేకలే.

"మీకు టిఫిన్లో ఏమిష్టమండీ?"

"ఉగ్గాని!"

"బజ్జీ లేకుండా ఉగ్గాని ఏం బాగుంటాదప్పా!" అని మధ్యలోంచి మంకీ క్యాపు పెద్దాయన.

నాకు జలుబు చేస్తే మైదానమంతా మందు చెప్పేది. వాళ్లమ్మ ధర్మవరంలో ఇప్పటికీ మగ్గం నేస్తుందని, ఆయనకు ఈత రాదని, చీకటంటే ఇప్పటికీ కొంచెం భయమని నాతోపాటు హిందూపురంలో సగం మందికి తెలుసు. ఒక వారం ఆఫీసు పనిమీద పోలేకపోయాను. తర్వాతి ఆదివారం ఆయన అరిచాడు:

"పోయిన వారం మీరు రాలేదు! నాకు... మా నల్లోడికి తోచలేదు!"

నడిచేవాళ్లంతా నిలబడిపోయారు.

"ఎవరికి తోచలేదు? సరిగ్గా చెప్పప్పా!" అన్నారు పెద్దాయన.

ఆ చివర ఆయన వంగి చాలాసేపు నల్లోడి మెడ బెల్టు సరిచేశాడు. నా చేతిలోని లివరంతా కింద పడిపోయింది. ఎర్రది దాన్ని ఊడ్చిపెట్టి, ఆ రోజంతా నన్ను దేవతను చూసినట్టు చూసింది. నేను దాన్ని కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని స్కూటీ మీద ఇంటికి బయలుదేరి, ఇల్లు దాటి, రైల్వే గేటు దాకా వెళ్లిపోయాను. గేటు పడ్డాక తెలిసింది.

ఆపై వారం దెబ్బ తగిలింది. ఎక్కడినుంచో ఒక వీధికుక్క మా రెండు కుక్కల మధ్యకు దూసుకొచ్చింది. ఎర్రది, నల్లోడు ఇద్దరూ పాత పాట అందుకున్నారు. డాక్టరమ్మను అడిగితే, "మళ్లీ గోలుపోస్టుల దగ్గరికి పొండి," అంది. ఎర్రదానికి అది పెద్ద విషయం కాలేదు. నాకు అన్నం సయించలేదు. అంత కష్టపడి సంపాదించుకున్న మీసం, కళ్లద్దాలు మళ్లీ నీలం చుక్కలో కలిసిపోయాయి. అన్నం కలుపుతూ కూర్చున్న నన్ను అమ్మ చూసింది. ఆ ఆదివారం చెప్పులేసుకుని నాయన నా వెంట బయలుదేరాడు.

మైదానంలో నడుమున చేతులు పెట్టుకుని గొంతెత్తాడు.

"ఏమబ్బా! ఏం పని చేస్తాండావు?"

"మిషన్లు రిపేరు చేస్తానండీ, కంపెనీలో!"

"మాంసం తింటావంటనే!"

"తింటానండీ!"

"ఇంట్లో వండుకుంటావా?"

"కుక్కకు వండుతానండీ! నేను బయట తింటా!"

నాయన గొంతుకు ఎర్రది వణకడం మొదలుపెట్టింది. "నాయనా, మెల్లగా మాట్లాడు. అది ఆ కుక్కను చూసినప్పుడల్లా ఒక ముక్క పెట్టు," అన్నాను. ఆయన నన్నూ పొట్లాన్నీ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి అంగడి కవరు తీసి చేతికి తొడుక్కుని, మొహం ఆకాశంవైపు తిప్పి, ఒక ముక్క అందించాడు. ఎర్రది ముక్క తిని, కవరు నాకి, కవరు పైన మణికట్టు దాకా నాకింది.

నాయనకు నవ్వు ఆగలేదు. "కితకితలు పెడతాండాదే ఇది!"

అక్కడినుంచి ఆయన ధ్యాసంతా ముక్కల మీదే. గట్టిగా అడిగితే కుక్క బెదురుతుందని మిగతా ప్రశ్నలు గుసగుసగా అడిగాడు. అది ఆ చివరికి వినపడదు. మంకీ క్యాపు పెద్దాయన ప్రశ్న మోసుకుపోయి జవాబు మోసుకొచ్చారు. నాలుగు మాటలకు ఒక చుట్టు.

"దగ్గరికి రమ్మను, మొగం చూస్తా," అన్నాడు నాయన చివరికి.

"ఇప్పుడే కాదు నాయనా. కుక్కలు ఒప్పుకోవల్ల."

"ఎప్పుడొప్పుకుంటాయి?"

"వాటినే అడుగు."

ఆయన నిజంగానే ఎర్రదాని ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నాకంటే ముందే లేచి కవరు మడిచి జేబులో పెట్టుకునేవాడు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున రెండు కుక్కలూ పక్కపక్కనే నడిచాయి. తాళ్లు వదులుగా వేలాడుతున్నాయి. నల్లోడు ఎర్రదాని తోక దగ్గర వాసన చూశాడు. అది నన్ను చూసింది, ముక్క తీసుకుంది, తిరిగి వాడి చెవి వాసన చూసింది. అంతే. చెట్టు కింద పక్కపక్కనే కూలబడి నాలుకలు వేలాడేశాయి.

అప్పుడు తెలిసింది, ఆయన నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాడని. ఆయన కళ్లద్దాలు సర్దుకుని నోరు తెరిచాడు.

"బాగుండారా!" అని అరిచాడు, మైదానం దద్దరిల్లేలా.

"బాగుండా!" అని నేనూ అరిచాను. చెవులు గింగురుమన్నాయి. నవ్వలేక చెట్టు పట్టుకున్నాను. నడిచేవాళ్లు చప్పట్లు కొట్టారు.

పెళ్లికి మా బంధువుల్లో కొందరు అలిగి రాలేదు. అమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు నుంచి లడ్డూల లెక్కలో పడింది. హిందూపురానికి, ధర్మవరానికి నడుమ ఉంటుందని పెనుకొండలో ఇల్లు తీసుకున్నాం. కొండ కిందుగా సాయంత్రాలు నలుగురం నడుస్తాం.

మొన్న రెండు కుక్కలనూ తీసుకుని ధర్మవరం వెళ్లాం. అత్త మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తోంది. ఆ టకటక వినగానే ఎర్రది గడపలోనే ఆగిపోయింది. దాన్ని వీధి చివరికి తీసుకెళ్లాను. నేను చెయ్యి ఊపితే గడపలోంచి ఆయన కేకేసేవాడు, లోపల అత్త నేసేది. మగ్గం చప్పుడైతే నేను ముక్క పెట్టేదాన్ని. అలా ఇంటింటికీ ఆగుతూ గడప దాకా వచ్చాం. అత్తకు ఆ ఆట తెగ నచ్చింది. పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించింది.

మధ్యాహ్నం నిద్ర లేచి చూస్తే ఎర్రది పక్కన లేదు. కంగారుగా మగ్గం గదిలోకి పరిగెత్తాను. టకటక ఆగకుండా వినపడుతోంది. గుంతలో అత్త పాదాల మీద తల పెట్టుకుని ఎర్రది గురక పెడుతోంది.

"పిలుస్తానుండత్తా, నీకు అడ్డం కదా," అన్నాను.

"గమ్మునుండు," అంది అత్త, చేతులాపకుండా. "కాళ్లకు వెచ్చగా ఉండాది."