జిరాఫీ కోసం ఆరు మిషన్లు

నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. వారమంతా ఆవిరిలో నిలబడతాను కాబట్టి ఆదివారం వస్తే నాకు కావలసినవి మూడే: ఏసీ, కూర్చోవడానికి చోటు, మాట్లాడటానికి మనుషులు. ఈ మూడూ ఊరికే దొరికే చోటు ఇక్కడ దుబాయ్‌లో, అల్ నహ్దా పేటలో, మా బిల్డింగ్‌కి ఎదురుగానే ఉంది. మాల్ పై అంతస్తులో పిల్లల ఆటల హాలు. లోపలికి వెళ్ళడానికి ఎవరూ ఏమీ అడగరు. ఆడితేనే కార్డు గీకాలి.

మా గదిలో ఐదుగురం. రెండంతస్తుల మంచంలో పైన నేను, కింద అక్క. అక్కంటే సొంత అక్క కాదు, మా కోనసీమ మనిషి. ఇంకొకామెది జగిత్యాల. ఆమెను చిన్నాపెద్దా అందరూ వదినా అనే పిలుస్తారు, ఎందుకో ఆమెకే తెలియదు. మిగతా ఇద్దరూ కాకినాడ వైపు అక్కచెల్లెళ్ళు. నేను తప్ప అందరూ ఇళ్ళలో పనిచేసేవాళ్ళే.

ఆ హాల్లో ఒక మూల ఆరు మిషన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదానికి ఒక తెర, ఒక స్టూలు, అరచేతంత ఎర్ర బటన్. తెర మీద పళ్ళ బొమ్మలు గిర్రున తిరుగుతుంటే నొక్కి ఆపాలి. గెలిస్తే డబ్బులు రావు, టికెట్లు వస్తాయి. అవి కూడా కాగితాలు కావు, కార్డులో చేరిపోతాయి. వాటితో కౌంటర్ దగ్గర బొమ్మలు తీసుకోవచ్చు. అసలు సంగతి ఏమిటంటే, ఆరింటికీ కలిపి పైన ఒకటే పెద్ద అంకె వెలుగుతుంటుంది. ఎవరు ఏ మిషన్ ఆడినా అది పెరుగుతుంది. ఉన్నట్టుండి ఆరింటిలో ఒకదానికి గంట మోగుతుంది. అప్పుడు పైన ఎంత అంకె ఉంటే అన్ని టికెట్లూ ఆ స్టూలు మీదున్న వాళ్ళవే. పక్కన కూర్చుని దాన్ని పెంచిన వాళ్ళంతా నోరు తెరుచుకుని చూడాలి.

అక్క మూడు నెలలుగా నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆమెకు కావలసింది జిరాఫీ. కౌంటర్ వెనక నిలబెట్టి ఉంటుంది, మనిషికంటే ఎత్తు. డబ్బిచ్చినా అమ్మరు, ఎనిమిది వేల టికెట్లు ఉంటేనే ఇస్తారు. అక్క దుబాయ్ వచ్చేటప్పటికి ఆమె కూతురికి రెండేళ్ళు. ఇప్పుడు ఆరు. వీడియో కాల్ చేస్తే పిల్ల అమ్మమ్మ వెనక్కి పోయి దాక్కుంటుంది. బలవంతంగా ఫోన్ చేతికిస్తే మంచం మీద బోర్లా పెట్టి పారిపోతుంది. ఒక ఆదివారం అక్క ఆ హాల్లో కూర్చునే ఫోన్ చేసింది. పిల్ల ఎప్పుడూ లేనిది తెర దగ్గరకంటా వచ్చి, అక్క భుజం మీదుగా చూసి, "అది నాకు తెత్తావా?" అంది. తల్లిని అడిగిన మొదటి మాట అదే. అక్క వెనక్కి తిరిగి అదేమిటో చూడకుండానే "తెత్తానమ్మా" అనేసింది. తర్వాత తిరిగి చూసి తల పట్టుకుంది.

ఇంతలో అక్కకి సెలవు దొరికింది. బుధవారం విమానం. అంటే మాకున్నది ఒక్క ఆదివారం. ఆమె కార్డులో మూడు వేల రెండొందల టికెట్లున్నాయి.

ఆ రోజు మేం వెళ్ళేసరికి పై అంకె తొమ్మిది వేల ఐదొందలు దాటి ఉంది. హాల్లో పనిచేసే నేపాలీ అమ్మాయి నాకు స్నేహితురాలు. నాకు కానిదెవరులెండి. ఆ పిల్ల చెవిలో చెప్పింది: అంకెను పదివేలు దాటనివ్వరట, ఆలోపే ఎక్కడో ఒకచోట గంట మోగి తీరుతుందట.

నేను పరిగెత్తుకుంటూ మావాళ్ళ దగ్గరికి వచ్చాను. "ఆరింటి మీదా మనమే కూర్చుంటే? ఎవరికి మోగినా అక్కకే కదా?"

"నువ్వు టెన్త్ ఎట్ల పాసైనవో అనుకున్న గని, తెలివైతే ఉన్నదే నీకు," అంది వదిన.

మేం ఐదుగురం, మిషన్లు ఆరు. ఆరో స్టూలు మీద నా చేతిరుమాలు పరిచాను. రావులపాలెంలో బస్సు కిటికీలోంచి నేను వేసిన రుమాలుని ఇంతవరకు ఎవరూ కదిలించలేదు.

"ఖలాస్. బాత్రూం వచ్చినా ఎవ్వలు లేసేది లేదు," అని వదిన హుకుం జారీ చేసింది.

అంకె తొమ్మిది వేల తొమ్మిదొందలు దాటాక ఒక పఠాన్ తాత వచ్చాడు. తెల్లటి గడ్డం, చంకలో మనవరాలు. నా రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, తన జేబులో పెట్టుకుని ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

నేను లేచాను. "చాచా, యే సీట్ హమారా హై."

"కౌన్ బైఠా థా?" అన్నాడు, ఇక్కడ ఎవరు కూర్చున్నారని.

"రుమాల్."

ఆయన జేబులోంచి రుమాలు కొస బయటికి లాగి దాన్నే అడిగాడు, "క్యోం భాయ్, తూ ఖేలేగా?" ఏమయ్యా, నువ్వు ఆడతావా అని. మనవరాలు కిలకిలా నవ్వింది. నా నేపాలీ స్నేహితురాలు కూడా నవ్వింది.

"ఆయినతోని పంచాది ఎందుకే? వచ్చి కూసో. అంకె జూడు," అని కేకేసింది వదిన.

తొమ్మిది వేల తొమ్మిదొందల డెబ్బై. నేను వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను. ఆరుగురం నొక్కుతున్నాం. పదివేలకు పన్నెండు తక్కువలో గంట మోగింది. తాత మిషన్‌కి.

మనవరాలు బెదిరిపోయి ఆయన గడ్డం పట్టుకుంది. అక్క చెయ్యి ఇంకా బటన్ మీదే ఉంది. కాసేపటికి తీసి, కార్డు పర్సులో పెట్టుకుని, "పోన్లే, ఆ పాపా సిన్నదే కదా. మా పిల్లకి ఏదోటి సెప్పుకుంటాన్లే," అంది.

నాకు నోరాగలేదు. తాత దగ్గరికి వెళ్ళాను. అడగడానికి కాదు, నిజంగా తిట్టడానికే వెళ్ళాను. కానీ జిరాఫీ సంగతి చెప్పకుండా తిట్టడం కుదరలేదు, పిల్ల సంగతి చెప్పకుండా జిరాఫీ సంగతి కుదరలేదు. నా హిందీలో సగం తెలుగే. అక్క వెనకనుంచి నా చున్నీ లాగుతూనే ఉంది. "ఒసేయ్, ఊరుకోవే. పరువు తీసేత్తన్నావ్."

తాత అంతా విన్నాడు. పాపకు ఎన్నేళ్ళని అక్కనే అడిగాడు. అక్క ఆరు వేళ్ళు చూపించింది. ఆయన నవ్వి, తాను ఇక్కడికి వచ్చాక మొదటిసారి సెలవు మీద ఇంటికి వెళితే సొంత కొడుకు తనను చాచా, అంటే బాబాయ్, అన్నాడని చెప్పాడు. తర్వాత కౌంటర్ దగ్గరికి నడిచి, కార్డూ నా రుమాలూ పక్కపక్కన పెట్టాడు.

"ఆధా ఇస్ కా," అన్నాడు రుమాలుని చూపించి. దాని వాటా సగం.

ఆ సగానికి అక్క కార్డులోవి కలిపితే ఎనిమిది వేలు దాటింది. తాత మనవరాలు సబ్బు బుడగల తుపాకీ తీసుకుని, దాంతో ముందు నన్నే కాల్చింది.

జిరాఫీ మా లిఫ్ట్‌లో పట్టలేదు. నలుగురం తలో కాలు, అక్క మెడ పట్టుకుని ఐదంతస్తులు మెట్లెక్కించాం. విమానం వాళ్ళకు ఫోన్ చేస్తే, ఇంత పొడుగుది ఎక్కించుకోం అన్నారు. అక్క మళ్ళీ తల పట్టుకుంది. వదిన మాత్రం దాని పొట్ట తడిమి చూసి, "ఆపరేషన్ చేద్దాం" అని కత్తెర తెచ్చింది. కుట్లు విప్పి దూదంతా లాగేశాం. తోలు మడతపెడితే ఒక చీరంత అయింది. ఆ దూదితో మాకు నాలుగు కొత్త దిండ్లు వచ్చాయి.

పై ఆదివారం అక్క వీడియో కాల్ చేసింది. మేం నలుగురం ఒకే మంచం మీద ఇరుక్కున్నాం. రెండు రోజులు పిల్ల దగ్గరికే రాలేదట. మూడో రోజు అక్క అరుగు మీద బూరుగు దూది పోసుకుని జిరాఫీలో కూరడం మొదలుపెడితే, గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "కాలు సన్నంగా ఉంది, ఇంకా పెట్టు" అందట. అక్క ఇంకా ఏదో చెబుతుంటే పిల్ల ఫోన్ లాక్కుని జిరాఫీని మాకు చూపించింది.

"మెడ గట్ల ఒంగిందేందే, పిల్లా?" అంది వదిన.

"ఇంకా అవ్వలేదు. దూది అయిపోయింది, రేపు తెత్తారు," అని చెప్పి, పక్కకు తిరిగి కసురుకుంది. "అమ్మా, సరిగ్గా అట్టుకో. ఇరిగిపోద్ది."

తెర అంచున అక్క రెండు చేతులతో ఆ మెడ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు నిండా దూది. మావైపు చూడటానికి కూడా ఆమెకు తీరిక లేదు.